పేషెంటు తాలూకా ఎవరండి?

ఆ విద్యా సంవత్సరంలో నూకరత్నానికి నూట పద్దెనిమిది సార్లు క్యాన్సర్ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆ సంగతి ఎవరో ఒక మెడికల్ స్టూడెంటు ఆవిడకి ఎదురుగా కూర్చుని చెప్పేవాడు. ఆవిడ విని, ఒక్క క్షణం నేల చూపులు చూసి, పైట చెంగు కళ్ళకి అద్దుకుని, "నా పిల్లల గతేంటి బాబూ" అనేది. క్లాసు అవగానే క్యాంటీనుకి వెళ్ళి రెండు పెసరట్లు తినేది.

కాకినాడ ఊరి చివరున్న ఒక మెడికల్ కాలేజీలో, పేషెంట్లతో ఎలా మాట్లాడాలో కాబోయే డాక్టర్లకి నేర్పే క్లాసు అది. నాడి చూడటం, పొట్ట నొక్కి చూడటం లాగే మాట్లాడటానికీ ఒక పద్ధతి ఉందనీ, దానికీ పరీక్ష పెట్టి మార్కులు వెయ్యాలనీ పైనుంచి కాగితం వచ్చింది. అసలు పేషెంట్ల మీద ప్రాక్టీసు చేస్తే బాగుండదు కాబట్టి పేషెంటుగా నటించే మనిషి కావలసి వచ్చింది. ఆడవాళ్ళ వార్డులో ఇరవై ఎనిమిదేళ్ళు ఆయాగా చేసి రిటైరైన నూకరత్నాన్ని పిలిచారు. చెడ్డ కబురు విన్న మొహాలు ఆవిడ చూసినన్ని ఆ కాలేజీలో ఏ ప్రొఫెసరూ చూసి ఉండడు. ప్రొఫెసర్లు కబురు చెప్పి వెళ్ళిపోయేవారు, ఆవిడ అక్కడే ఉండేది.

క్లాసు చెప్పే పని మాత్రం డాక్టర్ సూర్యప్రకాశానికి పడింది.

సూర్యప్రకాశం జనరల్ మెడిసిన్ ప్రొఫెసరు. రోగం పట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడు. మాట దగ్గరికి వచ్చేసరికి, ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన మూడే మాటలు మాట్లాడాడని వార్డులో చెప్పుకునేవారు. మొదటిది "ఏంటి?". రెండోది "ఎన్నాళ్ళ నుంచి?". మూడోది పేషెంటుతో కాదు. వార్డు గుమ్మంలో నిలబడి వరండాలోకి వేసే కేక. "పేషెంటు తాలూకా ఎవరండి?"

ఆ కేక వినగానే అన్నో, తమ్ముడో, మొగుడో లేచి పరుగున వచ్చేవాడు. వాళ్ళని తలుపు అవతలికి తీసుకెళ్ళి, ఒక్క నిమిషంలో సంగతి చెప్పేసేవాడు. పేషెంటుకి చెప్పకూడదు. ఇదేం ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు, గోదావరికి ఇటూ అటూ ఏ ఆసుపత్రిలోనైనా అంతే. కబురు ముందు వరండాలోకి వెళ్తుంది. వరండాలోంచి ఆటో ఎక్కి ఊరికి వెళ్తుంది. చుట్టాలందరికీ తెలుస్తుంది. మేనత్తలూ పినతల్లులూ బత్తాయిలు పట్టుకుని వచ్చి, "ఏం లేదు, ఊరికే చూసి పోదామని" అంటూ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుని వెళ్తారు. మంచం మీదున్న మనిషికి మాత్రం గ్యాస్ ట్రబుల్ అని చెబుతారు.

అలాంటి మనిషిని ఈ క్లాసుకి పెట్టడం వెనక ఆలోచన ఏమీ లేదు. పేరు పంపవలసిన రోజున మిగతా ప్రొఫెసర్లందరికీ ఎక్కడ లేని సెలవులూ గుర్తొచ్చాయి. ఈయన ఒక్కడే డ్యూటీలో దొరికాడు. మూడు రోజుల ట్రైనింగుకి విశాఖపట్నం పంపారు. ఒక సర్టిఫికెట్టూ, నీలం రంగు సంచీ ఒకటీ ఇచ్చి తిరిగి పంపారు. సంచీ మీద "ముందు వినండి" అని అచ్చు వేసి ఉంది.

ట్రైనింగులో ఇచ్చిన చెక్‌లిస్టు ఇంగ్లీషులో ఉంది. పన్నెండు అంశాలు. దాన్ని తెలుగు చేసింది ఆయన భార్య కనకవల్లి. ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి ఈ మధ్యనే రిటైరైంది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కొక్క అంశం చదివి, తిన్నగా తెలుగులో రాసి ఇచ్చింది. "చెడ్డ కబురు చెప్పే ముందు, పేషెంటుకి ఇప్పటికే ఎంత తెలుసో అడగండి" అన్న ఏడో అంశం దగ్గర పెన్ను ఆపింది.

"ఇలా మీ వాళ్ళు నిజంగా అడుగుతారా?" అంది.

"పరీక్షలో అడుగుతారు," అన్నాడు సూర్యప్రకాశం.

క్లాసు బాగానే నడిచింది. ఆయన మూల కుర్చీలో కూర్చుని చెక్‌లిస్టులో టిక్కులు పెట్టేవాడు. అసలు చదువు చెప్పింది నూకరత్నం. ప్రతి స్టూడెంటూ అయ్యాక ఆవిడ తన తీర్పు చెప్పేది. "ఈ బాబు చెప్తే ఇంకో రెండేళ్ళు బతకాలనిపిస్తదండి. ఇందాకటి బాబు చెప్తే ఇప్పుడే పోదామనిపించిందండి." నాలుగో అంశం ప్రకారం టేబుల్ మీద టిష్యూ పెట్టె ఒకటి ఉంచాలి. దాని మీదా ఆవిడకి ఒక అభిప్రాయం ఉంది. "ఏడుపు నిజమైతే చెయ్యి పైట మీదకే పోద్దండి. పెట్టె కోసం చూసినమ్మకి ఇంకా దుఃఖం రానట్టే లెక్కండి." అని చెప్పి, వెళ్ళేటప్పుడు టిష్యూలు నాలుగు తీసుకుని బొడ్లో దోపుకునేది.

ఆ బ్యాచిలో సూర్యప్రకాశానికి కొరుకుడు పడనిది రెబెక్కా. నరసాపురం అమ్మాయి. తండ్రి ఎజ్రా లూథరన్ మిషన్ స్కూల్లో టీచరు, తల్లి ఇంట్లో లేసు అల్లుతుంది. తెలివైన పిల్లే, కానీ పేషెంటు కనపడగానే "మీదే ఊరండి?" అని మొదలుపెట్టేది. అక్కడ ఎవరి తాలూకా, ఆ ఊళ్ళో ఫలానా వాళ్ళు తెలుసా, టిఫిన్ తిన్నారా లేదా, ఇవన్నీ అయ్యేసరికి పది నిమిషాల్లో ఐదు అయిపోయేవి. చెక్‌లిస్టులో ఊరి ప్రసక్తి లేదు. ఆయన రెండుసార్లు ఆ అమ్మాయిని ఫెయిల్ చేశాడు. శనివారం జరిగే ఆఖరి పరీక్షలో కూడా తప్పితే ఇంకో ఆరు నెలలు ఆగాలి.

ఆ శనివారానికి నాలుగు రోజుల ముందు, మంగళవారం, పాథాలజీ ల్యాబులో పనిచేసే డాక్టర్ ఫణిశ్రీ వార్డు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్న అమ్మాయి.

"సార్, మేడం గారి తాలూకా మీరే కదండీ," అంది. "ఒక్కసారి బయటికి వస్తారా."

సూర్యప్రకాశం బయటికి వెళ్ళాడు. అంతకు ముందు వారం కనకవల్లికి రొమ్ములో చిన్న గడ్డ కనిపిస్తే, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫణిశ్రీ తలుపు దగ్గరగా వేసి, కవరు చేతిలో పెట్టి, క్యాన్సరేనని ఒక్క నిమిషంలో చెప్పింది. ఆ పద్ధతి ఆ అమ్మాయి నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఎక్కడా తప్పు లేదు. స్టూడెంటు సరైన జవాబు చెప్పినప్పుడు అనే అలవాటు కొద్దీ ఆయన "గుడ్" అన్నాడు.

సర్జను ధైర్యం చెప్పాడు. చిన్నగా ఉండగానే దొరికింది, సోమవారం చేర్పించండి, బుధవారం చేసేద్దాం అన్నాడు. "కానీ సార్, మేడం గారికి మీరు చెప్పాకేనండి. సంతకం ఆవిడ పెట్టాలి. ఏమీ తెలియని మనిషిని బల్ల మీద పడుకోబెట్టడం నా వల్ల కాదు."

అది న్యాయమే. సూర్యప్రకాశం కవరు నీలం సంచీలో, చెక్‌లిస్టుల అడుగున పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

చెప్పకూడదనుకోలేదు. చెప్పాలనే అనుకున్నాడు. మంగళవారం సాయంత్రం కనకవల్లి కూరగాయలు తరుగుతుంటే, మొదటి అంశం ప్రకారం చప్పుడు లేకుండా ఫ్యాను ఆపాడు. రెండో అంశం ప్రకారం ఆవిడ ఎత్తులో కూర్చున్నాడు.

"ఫ్యాను ఎందుకాపారు? ఉక్కపోస్తోంది," అందావిడ.

ఆయన లేచి ఫ్యాను వేశాడు. మళ్ళీ కూర్చుని, గొంతు సవరించుకుని, "పొద్దున్న కూర బాగుంది," అన్నాడు. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో ఆయన కూర గురించి నోరు విప్పడం అదే మొదలు. నచ్చకపోతే కంచం పక్కకి జరిపేవాడు, నచ్చితే జరిపేవాడు కాదు. అంతకు మించి ఆ ఇంట్లో ఎప్పుడూ అవసరం పడలేదు.

ఆయనకి భయం వేసింది. ఎన్ని వందల మంది మొగుళ్ళకి వరండాలో చెప్పి ఉంటాడో లెక్క లేదు, ఏ రోజూ ఆయన మాట తడబడలేదు. ఇప్పుడు ఆ మాట నోటితో అంటే, కాగితం మీద ఉన్నది వచ్చి ఇంట్లో కూర్చుంటుందని భయం. అనకపోతే ఇంకొక్క పూట కనకవల్లి మామూలుగా కూరగాయలు తరుక్కుంటుంది.

ఆ భయం ఒక్కడే మొయ్యలేక బుధవారం రాజమండ్రిలో ఉన్న తమ్ముడు ఉదయ్‌భాస్కర్‌కి ఫోన్ చేసి చెప్పాడు. "ఎవరికీ చెప్పకు. మీ వదినకి ఇంకా తెలియదు," అన్నాడు. ఉదయ్‌భాస్కర్ మాట నిలబెట్టుకున్నాడు, తన భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడా అంతే, తన వాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి కనకవల్లి ఫోను మోగడం మొదలైంది.

"రిపోర్టు ఇంకా రాలేదా?" అని ఆవిడ రోజూ అడిగేది. "ల్యాబులో మిషను పాడైంది," అని ఆయన రోజూ చెప్పేవాడు. కూర రోజూ బాగుందనేవాడు. శుక్రవారం డాబా మీద ఆరిన బట్టలు తెచ్చి మడతలు పెట్టాడు. కనకవల్లి ఆ మడతలు చూసి, ఏమీ అనకుండా విప్పి మళ్ళీ పెట్టుకుంది.

శనివారం నాడు "ఇంకో స్కానింగ్ ఉంది, నాతో రా" అని ఆవిడని కాలేజీకి వెంటబెట్టుకొచ్చాడు. స్కానింగేమీ లేదు. ఇంట్లో రాని మాట ఆసుపత్రిలోనైతే వస్తుందేమో, తన గదిలో తన కుర్చీలో కూర్చుంటే నోరు పెగులుతుందేమోనని ఆశ. పరీక్ష అయ్యాక చెబుదామనుకుని, ఆవిడని పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు.

తొమ్మిదింటికి నూకరత్నం దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెనక గంటలు మోగుతున్నాయి.

"అయ్యా, నేను అన్నవరం కొండ మీదున్నానండి. వ్రతం చేయించుకుంటున్నానండి."

"ఇవాళ పరీక్ష కదా నూకరత్నం," అన్నాడు సూర్యప్రకాశం.

"అందుకేనండి వచ్చింది. ఏడాది పొడుగునా నూట పద్దెనిమిది మంది నా మొహాన ఆ మాట అన్నారండి. పైన తథాస్తు దేవతలుంటారు కదండీ, ఇది క్లాసని ఆళ్ళకేం తెలుసండి. ఒక్కరు తథాస్తన్నా నా పని అయిపోద్ది. ఇవాళ ఇంకో పన్నెండు అనిపించుకునే ముందు, పాత లెక్క చెరిపించుకుందామని వచ్చేశానండి. మీకూ ప్రసాదం తెస్తానండి."

వాదించి లాభం లేదు. ఆయన నర్సుల్ని అడిగాడు. "ఆ మాట నా మీద వద్దు సార్, ఇంట్లో తెలిస్తే ఊరుకోరు" అని ఒకరూ, ఇవాళ మంచి రోజు కాదని ఒకరూ తప్పుకున్నారు. సుగర్ పేషెంటుగానైతే ఎంతమందైనా కూర్చుంటామన్నారు. రాసి పెట్టుకున్న కేసుల్లో ఈ పరీక్షకి ఎంచింది మూడోది. సుబ్బమ్మ, యాభై రెండేళ్ళు, రొమ్ములో గడ్డ, రిపోర్టులో క్యాన్సర్. పిల్లలు పన్నెండు మందీ దానికే చదువుకుని వచ్చారు.

బెంచీ మీద కూర్చుని అంతా విన్న కనకవల్లి లేచి వచ్చింది.

"నేను కూర్చుంటాను లెండి," అంది.

"నువ్వెందుకు," అన్నాడు సూర్యప్రకాశం.

"కూర్చుని వినడమే కదండీ. అలవాటున్న పనే."

"కేసు మారుద్దాం. సుగరు కేసు పెడదాం."

"పిల్లలు చదువుకొచ్చింది మారిస్తే ఎలాగండి? మూడో కేసే కానివ్వండి," అని ఆవిడ లోపలికి వెళ్ళి, నూకరత్నం కుర్చీలో కూర్చుని, పైట సర్దుకుంది. ముప్పై ఏళ్ళు క్లాసులు చెప్పిన మనిషి ఒకసారి కుర్చీలో కూర్చున్నాక లేపడం ఎవరి తరమూ కాదు. "ఈవిడ ఇవాళ పేషెంటు," అని సూర్యప్రకాశం పిల్లలకి చెప్పాడు. ఎవరని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయన మూల కుర్చీలో కూర్చుని, నీలం సంచీలోంచి చెక్‌లిస్టులు తీశాడు. అడుగున కవరు చేతికి తగిలింది. పరీక్ష జరుగుతున్నంతసేపూ పరీక్షకుడు ఆ గదిలో లేనట్టే ఉండాలని నిబంధన.

మొదటి నంబరు రెబెక్కాది.

"నమస్కారమండి. నా పేరు రెబెక్కా. ఇక్కడ ఆఖరి సంవత్సరం చదువుతున్నానండి. మీ పేరేంటండి?"

"కనకవల్లి."

సూర్యప్రకాశం పెన్ను ఆగింది. కాగితంలో ఉన్న పేరు సుబ్బమ్మ.

"మీదే ఊరండి కనకవల్లి గారూ?"

"అంబాజీపేట."

"మాది నరసాపురమండి."

"అయితే రేవు దాటితే మా కోనసీమే."

"అవునండి. చిన్నప్పుడు పంటు ఎక్కి మా పిన్ని వాళ్ళింటికి వచ్చేవాళ్ళమండి. టిఫిన్ చేసి వచ్చారాండి?"

"ఇడ్లీ తిన్నాను. మా ఆయన వడ్డించారు."

"అదృష్టవంతులండి."

"అక్కడే నాకు అనుమానం వచ్చింది," అంది కనకవల్లి.

రెబెక్కా ఒక్క క్షణం తడబడింది. నూకరత్నం ఎప్పుడూ ఇలా అనలేదు. తర్వాత ఏడో అంశం గుర్తొచ్చి, మెల్లగా అడిగింది. "ఇక్కడ మీకేం పరీక్షలు చేశారు, మీకు ఇప్పటికి ఏం తెలుసు, చెబుతారాండి?"

"ఎవరూ ఏమీ చెప్పలేదమ్మా. తెలిసింది చెబుతాను." కనకవల్లి క్లాసులో పాఠం మొదలుపెట్టినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "చిన్న గడ్డ కనిపిస్తే సూదితో ముక్క తీశారు. రిపోర్టేదని అడిగితే మిషను పాడైందన్నారు. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒకటే మిషనుంటుందా అనుకున్నాను. మంగళవారం సాయంత్రం మా ఆయన ఫ్యాను ఆపి, నా ఎదురుగా కూర్చుని, కూర బాగుందన్నారు. ఆయన అలాంటి మాట అనడం నా పెళ్ళయ్యాక ఎరగను. బుధవారం నుంచి ఫోన్లు. మా ఆడపడుచు చేసింది, ఏం లేదొదినా, ఊరికే చేశానంది. మా గృహప్రవేశానికి పిలుపు సరిగా లేదని పద్నాలుగేళ్ళుగా మాట్లాడని మా పెదనాన్న కోడలు చేసింది. అదీ ఊరికేనట. నిన్నటికి పదకొండు మంది. అందరూ ఊరికే చేసి, పెట్టేసే ముందు ముక్కు చీదారు."

రెబెక్కా చెక్‌లిస్టు మాట మర్చిపోయి వింటోంది.

"సరే, చూద్దామని గురువారం బెండకాయ వేపుడులో ఉప్పు వెయ్యలేదు. కావాలనే. మామూలుగా ఒక్క రవ్వ తగ్గితే కంచం జరిపేసే మనిషి. తిని, బాగుందని, ఇంకోసారి వేయించుకున్నారు. ఆయన వంకే చూస్తూ కూర్చున్నాను. మింగుడు పడక మంచినీళ్ళు తాగి తాగి తిన్నారు. మీ సూది పరీక్షలో ఏం వచ్చిందో నాకు తెలియదమ్మా. నా ఉప్పు పరీక్షలో మాత్రం తేలిపోయింది."

ఆ వేపుడు రుచి సూర్యప్రకాశానికి గుర్తుంది. కనకవల్లి మతిమరుపులో ఉప్పు మర్చిపోయిందనీ, పాపం ఒంట్లో బాగాలేకే అలా జరిగిందనీ అనుకుని, ఏడుపు దిగమింగుకుని రెండోసారి వేయించుకున్నాడు.

రెబెక్కా కుర్చీ ముందుకి జరుపుకుంది. ఈ కొత్తావిడ ఎంత బాగా నటిస్తోందనుకుందో, ఇంకేమైనా అనుకుందో గానీ, ఆ అమ్మాయి గొంతు మారింది.

"మీరు అనుకున్నదే నిజమండి. రిపోర్టు వచ్చింది. ఆ గడ్డ క్యాన్సర్ గడ్డేనండి."

తొమ్మిదో అంశం ప్రకారం పది సెకన్లు మాట్లాడకుండా ఉండాలి. సూర్యప్రకాశం ఎప్పుడూ వాచీ చూసి లెక్కపెట్టేవాడు. ఆ రోజు వాచీ చూడలేదు. కనకవల్లి కిటికీ వైపు చూసింది. అక్కడ చూడటానికి సైకిల్ స్టాండు తప్ప ఏమీ లేదు. దాన్నే చాలాసేపు చూసింది.

"అంతేనా?" అంది చివరికి.

"చిన్నగా ఉండగానే కనిపెట్టారండి. ఆపరేషను చేసి..."

"అది కాదమ్మా. ఆ మాట చెప్పడానికి ఇంతసేపేనా పట్టేది, అని అడుగుతున్నాను."

రెబెక్కా చెయ్యి చాచి కనకవల్లి చేతి మీద వేసింది. అది చెక్‌లిస్టులో లేదు. ఆ తర్వాత పదకొండో అంశం అడిగింది. "మీకు తోడు ఎవరైనా వచ్చారాండి?"

"మా ఆయన వచ్చారు. నాకంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నారు. నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా మింగడం లేదు. ఆయన్ని పిలిచి నువ్వే చెప్పమ్మా. మెల్లగా చెప్పు. కనకానికి తెలుసండి, మీరిక దాచక్కర్లేదండి అని చెప్పు."

రెబెక్కా లేచి వెళ్ళి తలుపు తీసింది. వార్డుల్లో నేర్చుకున్న అలవాటు ప్రకారం వరండాలోకి పిలిచింది.

"పేషెంటు తాలూకా ఎవరండి? కనకవల్లి గారి తాలూకా?"

వరండాలో తమ వంతు కోసం నిలబడ్డ పదకొండు మంది స్టూడెంట్లు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ముప్పై నాలుగేళ్ళు ఆ కేక వేసినవాడు సూర్యప్రకాశం. దానికి లేచి నిలబడటం ఎలా ఉంటుందో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. చెక్‌లిస్టులు ఒళ్ళోంచి జారి నేల మీద పరుచుకున్నాయి.

"నేనేనమ్మా," అన్నాడు.

రెబెక్కా వెనక్కి తిరిగింది. ఆయన్ని చూసింది, కనకవల్లిని చూసింది. ఇప్పుడు తలుపు అవతలికి తీసుకెళ్ళాలి కాబోలని సూర్యప్రకాశం గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

"బయటికెందుకండి," అంది రెబెక్కా. తలుపు మూసింది. గోడ దగ్గరున్న కుర్చీ తెచ్చి, కనకవల్లి పక్కన వేసింది. "ఇక్కడే కూర్చోండి సార్." ఆయన కూర్చున్నాక, ఇంకేం చెయ్యాలో తోచక, గుర్తున్న ఒక్క ప్రశ్నే అడిగింది. "మీకు ఇప్పటికి ఏం తెలుసండి?"

సూర్యప్రకాశం సంచీలోంచి కవరు తీశాడు. రెబెక్కాకి ఇవ్వలేదు. కనకవల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివింది.

"వయసు అరవై మూడని వేశారు. నాకింకా అరవై రెండే," అంది.

"ఫణిశ్రీకి చెప్పి మార్పిస్తాను."

"మార్పించండి."

"కనకం," అన్నాడు. "మంగళవారమే వచ్చింది. చెబుదామనే ఫ్యాను ఆపాను. నాకు భయం వేసింది. నీకు చెప్పాక ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. వరండాలో చెప్పినప్పుడైతే చెప్పేసి వెళ్ళిపోయేవాణ్ణి. ఇంట్లో ఎక్కడికి వెళ్ళను?"

ఆయన ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడగా వినడం ఆ గదిలో ఎవరికైనా అదే మొదలు. కనకవల్లి కాగితం మడిచి కవర్లో పెట్టింది.

"ఆపరేషను ఎప్పుడట?"

"బుధవారం. సోమవారం చేరాలి. నువ్వు సరేనంటేనే."

"నన్ను అడుగుతున్నారా?"

"అడుగుతున్నాను."

ఆవిడ సరేనంది. "మీ తమ్ముడొక్కడికే చెప్పి ఉంటారు, అవునా?"

"వాడొక్కడికే."

"సాయంత్రం ఆ పదకొండు మందికీ నేను తిరిగి ఫోన్ చేస్తాను," అంది కనకవల్లి. "ఏం లేదు, ఊరికే చేశానంటాను."

రెబెక్కా పరీక్షలో ఉన్నట్టు గుర్తొచ్చి, టిష్యూ పెట్టె వాళ్ళ వైపు జరిపింది. బయట ఎవరో తలుపు తట్టి, వంతు ఎప్పుడొస్తుందని అడిగారు.

"ఇంటికి వెళ్ళాక ఏం వండమంటారు?" అంది కనకవల్లి.

"ఏదైనా వండు," అన్నాడు సూర్యప్రకాశం. "ఉప్పు వెయ్యి."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే చెయ్యి పైట మీదికి వెళ్ళింది. పెట్టె బల్ల మీద అలాగే ఉండిపోయింది.